కరెంటు, నీళ్ల కనెక్షన్ లేకుండా క్యాంపర్ వ్యాన్‌లో మూడు రాత్రులు ఉండొచ్చా? గండికోట, బెలుం, యాగంటి

పెన్నా_గట్టు (ప్రొద్దుటూరు):

అందరికీ నమస్కారం. పోయిన సంవత్సరం ఒక పాత టెంపో ట్రావెలర్ కొని సీట్లు తీయించి, లోపల మంచాలు, చిన్న వంటగట్టు, 120 లీటర్ల నీళ్ల ట్యాంకు, పైన 200 వాట్ల సోలార్ ప్యానెల్, 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్ల) ట్యూబులర్ బ్యాటరీ, అంటే యాసిడ్ పోసే రకం, ఇన్వర్టర్ పెట్టించుకున్నాను. ఇంట్లో ఆరుగురం. నాన్నకు 70 దాటాయి, అమ్మకు మోకాళ్ల నొప్పులు, హోటల్ మెట్లు ఎక్కలేదు, కొత్త చోట బాత్రూం అంటే ఆమెకు భయం. వాళ్లిద్దరికీ మన సీమ అంతా నింపాదిగా చూపించాలనే ఈ బండి కట్టించింది.

మే నెలలో గండికోటకు పోయాం. పొద్దు మునిగే వేళకు పెన్న లోయ దగ్గర కూర్చున్నప్పుడు అమ్మ ముఖం చూడాల్సింది. కానీ రాత్రి ఒంటిగంటన్నరకు ఇన్వర్టర్ కీచుమని అరిచి ఆగిపోయింది. ఇండక్షన్ పొయ్యిని 800 వాట్లలో పెట్టి ఒక అరగంట వండాం, రెండు టేబుల్ ఫ్యాన్లు, చిన్న ఫ్రిజ్, అంతే. ఫ్యాన్లు ఆగాక లోపల ఉడికిపోయాం, కిటికీలు తీస్తే దోమలు. తెల్లారేసరికి ట్యాంకులో నీళ్లు కూడా లేవు, ఎందుకంటే రాత్రి చేసిన సంగటి గిన్నె కడగడానికే సగం పోయాయి. పొద్దున 9 గంటలకే వెనక్కి తిరిగాం. అమ్మ ఏమీ అనలేదు, ఇంటి ముందు బండి దిగేటప్పుడు మాత్రం "మనకు ఇల్లే నయం లేరా నాయనా" అంది. అది ఇప్పటికీ మనసులోనే ఉంది.

ఇప్పుడు డిసెంబరులో మళ్లీ పోవాలనుకుంటున్నాం, గండికోట, బెలుం గుహలు, యాగంటి, మూడు రాత్రులు. బండి కట్టించిన షాపులో అడిగితే ఇంకో రెండు బ్యాటరీలు వేయించు, లేదంటే జనరేటర్ కొను అంటున్నారు. చేతిలో అంత డబ్బు లేదు, అయినా తప్పదంటే చూస్తాను. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

సీమ_సోలార్ (అనంతపురం):

అన్నా, ముందు ఏమీ కొనకు. నేను 11 ఏళ్లుగా సోలార్ పనే చేస్తున్నాను, నువ్వు చెప్పిన వివరాలతోనే లెక్క వేస్తాను చూడు.

12 వోల్టులు, 150 ఏహెచ్ అంటే కాగితం మీద 1800 వాట్-అవర్లు (ఒక వాటు గంట సేపు వాడితే ఒక వాట్-అవర్, కింది లెక్కంతా వాటిలోనే). నువ్వు సాయంత్రం 6 నుంచి ఒంటిగంటన్నర వరకు వాడింది: ఇండక్షన్ 400, రెండు ఫ్యాన్లు ఒక్కొక్కటి 60 వాట్లు చొప్పున ఏడు గంటలకు 840, ఫ్రిజ్ మే నెల ఎండకు దాదాపు ఆగకుండా తిరుగుతుంది కాబట్టి 490, ఇంక ఇన్వర్టర్ ఏ పనీ చేయకపోయినా తాను తినేది గంటకు 20 లెక్కన 150. మొత్తం 1880. బ్యాటరీ చెడిపోలేదన్నా, నువ్వు దాన్ని అడుగంటా ఊడ్చేశావు, అంతే. ట్యూబులర్ బ్యాటరీని సగానికి మించి దించకూడదు, దించిన కొద్దీ ఆయుష్షు తగ్గుతుంది. అంటే నీకు నిజంగా రోజుకు ఉన్నది 900. పైగా ఆ 150 అనే అంకె 20 గంటల పాటు మెల్లగా వాడితే వచ్చేది, ఇండక్షన్ లాంటి దానితో ఒక్కసారిగా లాగితే అంత కూడా రాదు.

అందరూ మిక్సీకి భయపడతారు. 500 వాట్ల మిక్సీ మూడు నిమిషాలు తిప్పితే 25 అవుతుంది, అంతే. రాత్రంతా తిరిగే ఫ్యానే అసలు తిండిపోతు. కాబట్టి ఇలా చెయ్యి. ఇండక్షన్ ఇంట్లో పెట్టేసి 5 కిలోల చిన్న గ్యాస్ సిలిండర్ తీసుకుపో, వంట బండి బయట చేసుకో. టేబుల్ ఫ్యాన్ల బదులు 12 వోల్టుల డీసీ ఫ్యాన్లు పెట్టించు, 15 వాట్లలో అయిపోతుంది, ఇన్వర్టర్ ఆన్ చేయాల్సిన పనే లేదు. లైట్లు, ఫోన్ ఛార్జింగ్ కూడా నేరుగా 12 వోల్టుల మీదే పెట్టించు, ప్రతి లైనుకూ బ్యాటరీ దగ్గరే ఫ్యూజు ఉండాలి, ఇది మాత్రం మర్చిపోవద్దు. డిసెంబరులో గండికోట మీద రాత్రి చలేస్తుంది, ఒక ఫ్యాన్ కూడా అవసరం రాకపోవచ్చు. అయినా ఒకటి వేసుకుంటారనుకుంటే ఫ్యాన్ 120, లైట్లు 60, ఫోన్లు 90, నీళ్ల మోటారు 20, అంతా కలిపి 300 దాటదు. నీ 200 వాట్ల ప్యానెల్ పడుకోబెట్టి ఉన్నా, దుమ్ము, వేడి నష్టాలు తీసేసినా రోజుకు 700 ఇస్తుంది. మనకున్న ఎండ అలాంటిది, ఊరికే ఉమ్మడి కర్నూలు జిల్లాలో గని, శకునాల దగ్గర 1000 మెగావాట్ల సోలార్ పార్కు కట్టారా?

ఫ్రిజ్ సంగతి. మూడు రోజులకు ఐస్ పెట్టె చాలు, పెరుగు, పాలు అందులో పెట్టుకోండి. తాగే నీళ్లకు ఒక మట్టి కుండ గోనెసంచి చుట్టి, మంచం కాళ్ల మధ్య కదలకుండా ఇరికించి పెట్టుకోండి.

తుంగభద్ర_తీరం (కర్నూలు):

తమ్ముడూ, కరెంటు గురించి అన్న బాగా చెప్పారు, నేను నీళ్ల గురించి చెప్తాను ఎందుకంటే మా అనుభవంలో ట్రిప్పులు ఆగిపోయేది నీళ్ల దగ్గరే. మేము భార్యాభర్తలం, మా అత్తగారు, ముగ్గురం నాలుగేళ్లుగా ఇలాగే తిరుగుతున్నాం.

మొదటి మాట, షవర్ తీసేయించు. బకెట్, చెంబు. మనిషికి అర బకెట్, అంటే 8 లీటర్లు, అలవాటైతే ధారాళంగా సరిపోతాయి. పిల్లలకు రోజు మార్చి రోజు తడి గుడ్డతో తుడిస్తే చాలు, డిసెంబరే కదా. కుళాయికి సన్నగా వచ్చే మూత బిగించు, చేతులు కడుక్కునేటప్పుడు నీళ్లు సగం మిగులుతాయి.

రెండోది వంట. సంగటి ఇంటికొచ్చాక చేసుకోండి. అడుగంటే గిన్నె ఏదైనా నీళ్లు తాగేస్తుంది. నేను బయలుదేరే ముందు రోజు జొన్న రొట్టెలు ఎండుగా కాల్చి మూట కడతాను, నాలుగు రోజులైనా పాడు కావు, చెనిక్కాయల పొడి, వెల్లుల్లి కారం, పెరుగు ఉంటే మధ్యాహ్నం గడిచిపోతుంది. పొద్దున ఉగ్గాని. బొరుగులు నానబెట్టి పిండిన నీళ్లు పారబోయను, అవే తిన్న చేతులు కడుక్కోవడానికి ఉంచుతాను. విస్తరాకుల్లో తినండి, కుట్టిన ఆకులు మేకలు తినేస్తాయి, ప్లాస్టిక్ పూత ఉన్నవి మాత్రం కొనొద్దు. వంట గిన్నెలను ముందు కాగితంతో తుడిచి, తర్వాత రెండు టబ్బుల్లో ముంచి తీస్తే పది లీటర్లలో రోజు గిన్నెలు అయిపోతాయి.

తాగే నీళ్లు ట్యాంకులోవి వద్దు. 20 లీటర్ల క్యాన్లు రెండు విడిగా పెట్టుకో, ఏ ఊళ్లో చూసినా నీళ్ల ప్లాంటు ఉంటుంది, అక్కడే నింపుకుంటూ పోవచ్చు. కొలిమిగుండ్ల, తాడిపత్రి అంతా సున్నపురాయి నేల, బోరు నీళ్లు గట్టిగా ఉంటాయి, సబ్బు నురగ రాదు, అనంతపురం వైపు ఫ్లోరైడ్ సంగతి అందరికీ తెలిసిందే. స్నానానికి ఫరవాలేదు, తాగడానికి వద్దు.

ఇంకో మాట. ఎవరైనా బండి పైన పెద్ద ట్యాంకు పెట్టించుకోమంటే వినకు. 300 లీటర్లంటే 300 కిలోలు, మలుపులో అంత బరువు పైన ఊగితే బండి అదుపు తప్పుతుంది. నీళ్లు కిందే ఉండాలి.

దారి_పొడవునా (కడప):

పై ఇద్దరి మాటలతో ఒప్పుకుంటాను, ఒక్క విషయంలో తప్ప. అన్నా, నీకు డబ్బు సర్దుబాటు అయినప్పుడు ఆ ట్యూబులర్ తీసేసి 100 ఏహెచ్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ వేయించు. అది 1280 వాట్-అవర్లు, అందులో వెయ్యికి పైగా హాయిగా వాడొచ్చు, బరువు నాలుగో వంతు కూడా ఉండదు. ఈ ట్రిప్పుకు అక్కర్లేదనేది నిజమే, కానీ మనుషులు పడుకునే చోట యాసిడ్ బ్యాటరీ ఉండటం నాకు నచ్చదు, ఛార్జ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ వదులుతుంది, గతుకుల్లో యాసిడ్ చిందుతుంది. ఉన్నన్నాళ్లు దానికి గాలి బయటికి పోయే పైపు పెట్టించు.

ఇప్పుడు చోట్లు. గండికోట కోట లోపల రక్షిత కట్టడాలున్నాయి, అక్కడ పొయ్యి వెలిగించకండి. బయట టూరిజం వాళ్ల హరిత హోటల్ ఉంది, అక్కడ అడిగి, డబ్బు కట్టైనా సరే, వాళ్ల ఆవరణలోనే బండి పెట్టుకోండి. పెద్దవాళ్లు ఉన్నప్పుడు రాత్రి మనుషులు తిరిగే చోటే మంచిది. లోయ అంచుకు దగ్గరగా పెట్టొద్దు, రాత్రి గాలి గట్టిగా వీస్తుంది, పక్కకు గుడారం గుడ్డ కట్టి ఉంటే చినిగిపోతుంది. అక్కడి నుంచి బెలుం సుమారు 60 కిలోమీటర్లు. ఇంజిన్ నుంచి ఛార్జ్ చేసే 30 ఆంపియర్ల డీసీ ఛార్జర్ ఒకటి పెట్టించుకుంటే ఆ గంటన్నర దారిలోనే 500 పైన నిండుతుంది, మబ్బు పట్టినా టెన్షన్ ఉండదు. బెలుంలో పార్కింగ్ విశాలం. గుహలు 3 కిలోమీటర్లకు పైగా ఉన్నాయి, అంతా తిరగనివ్వరు గానీ తిరిగిన మేరకే లోపల ఉక్కపోత, మెట్లు కూడా ఉన్నాయి, అమ్మగారిని నీడలో కూర్చోబెట్టి ఒకరు తోడుండండి. యాగంటి కోనేటి దగ్గర సబ్బు నీళ్లు పారబోయడం, గిన్నెలు కడగడం వద్దు. వాడిన నీళ్లు బకెట్లో పట్టి, మెతుకులు వడగట్టి, నీళ్లున్న చోటికి దూరంగా ఎండు నేల మీద చల్లండి. మెతుకులు పడేస్తే కుక్కలు, కోతులు రాత్రంతా బండి చుట్టూనే.

నల్లమల వైపు పోవాలనిపిస్తే పగలే పోయి పగలే రండి. అది పులుల అభయారణ్యం, రాత్రి అక్కడ బండి ఆపుకుని పడుకోవడం కుదరదు.

జనరేటర్ విషయంలో నాకు గట్టి అభిప్రాయం ఉంది. గండికోటలో రాత్రి నిశ్శబ్దం కోసం ఎక్కడెక్కడి నుంచో వస్తారు, ఆ చప్పుడు వాళ్లందరికీ అన్యాయం. దానికన్నా ముఖ్యం పొగ. జనరేటర్ గానీ, ఇంజిన్ ఆన్‌లో ఉంచి ఏసీ వేసుకోవడం గానీ, మూసిన బండిలో బొగ్గుల కుంపటి గానీ, వీటిలో కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. చలి ఎక్కువైతే ఇంకో దుప్పటి కప్పండి, పైన గాలి కిటికీ రెండు వేళ్ల మందం తెరిచే ఉంచండి.

ఇంకొకటి అడగాలి, సీట్లు తీయించాక ఆర్‌సీలో మార్పు ఎక్కించారా? మోటార్ వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద మార్పులకు అనుమతి కావాలి, మోటార్ క్యారవాన్లకు ఏఐఎస్-124 అని విడిగా ప్రమాణాలు కూడా ఉన్నాయి. ఇది కాకపోతే ప్రమాదం జరిగినప్పుడు ఇన్సూరెన్స్ దగ్గర ఇబ్బంది.

పెన్నా_గట్టు:

అందరికీ చాలా చాలా థ్యాంక్స్. ఆర్‌సీ పని మొదలుపెట్టాను, అది పూర్తయ్యాకే బయలుదేరతాను. రెండు ప్రశ్నలు మిగిలాయి. బండిని చెట్టు నీడలో పెడితే ప్యానెల్ పని చేయదు, ఎండలో పెడితే నాన్న ఉండలేడు, ఏం చేయాలి? రెండోది అడగడానికి మొహమాటంగా ఉంది, టాయిలెట్. అమ్మ రాత్రి రెండుసార్లు లేస్తుంది.

సీమ_సోలార్:

ప్యానెల్ మీద ఒక్క కొమ్మ నీడ పడినా చాలా వరకు కరెంటు పడిపోతుంది, అందులో సెల్స్ అన్నీ ఒకదాని వెనక ఒకటి గొలుసులా కలిపి ఉంటాయి కాబట్టి. పొద్దున 9 నుంచి 2 వరకు బండి ఎండలో, మీరు చెట్టు కింద. తర్వాత బండిని నీడకు జరుపు. ప్యానెల్‌కూ బండి పైకప్పుకూ మధ్య మూడు అంగుళాల సందు ఉందా? లేకపోతే లేపించు, ప్యానెల్ చల్లబడి కరెంటు పెరుగుతుంది, పైకప్పుకు అదే గొడుగు అవుతుంది. రోజూ పొద్దున తడి గుడ్డతో దుమ్ము తుడువు.

తుంగభద్ర_తీరం:

మొహమాటం ఎందుకు తమ్ముడూ, మా అత్తగారికీ అదే ఇబ్బంది. కింద డబ్బా విడిగా ఊడొచ్చే పోర్టబుల్ టాయిలెట్ ఉంటుంది, 20 లీటర్లది తీసుకో. దాన్ని రాత్రి అమ్మానాన్నలకు, పిల్లలకు మాత్రమే ఉంచండి, పగలు పెట్రోలు బంకులు వాడుకోండి, టాయిలెట్, తాగునీళ్లు, గాలి ఉచితంగా ఇవ్వాల్సిన బాధ్యత వాళ్లది. నిండిన డబ్బాను చేలో గానీ వంకలో గానీ పోయకండి, బస్టాండు మరుగుదొడ్డిలో కాపలా మనిషిని అడిగి, పది రూపాయలు ఎక్కువిచ్చి పోసి కడిగిరండి. ఫార్మలిన్ ఉన్న మందు వాడితే సెప్టిక్ ట్యాంకు పాడవుతుంది, బ్యాక్టీరియా రకం దొరుకుతుంది. అమ్మ పట్టుకుని లేవడానికి గోడకు ఒక స్టీలు కడ్డీ బిగించు.

ఇంకా ఒక పని చెయ్యి. పోయే ముందు ఇంటి ముందే బండి పెట్టుకుని, ఇంటి కుళాయి, కరెంటు ముట్టుకోకుండా రెండు రాత్రులు ఆరుగురూ అందులోనే పడుకోండి. ఏం తక్కువైతే లోపలికి పోయి తెచ్చుకోకుండా కాగితం మీద రాసుకో.

పెన్నా_గట్టు:

అక్కా, మీరు చెప్పినట్టే మొన్న శని, ఆదివారాలు మా వీధిలోనే ఉన్నాం. నీళ్లు మొదటి రోజు 78 లీటర్లు, రెండో రోజు 61. బ్యాటరీకి మీటరు బిగించి చూస్తే మొదటి రాత్రి 310 వాట్-అవర్లు, మర్నాడు పదకొండున్నరకే మళ్లీ నిండింది. రాసుకున్న కాగితంలో టార్చ్ లైటు, అమ్మ మోకాళ్ల నూనె, ఇంకో చెంబు, అంతే ఉన్నాయి. రెండో రోజు పొద్దున అమ్మ లోపలికి పోకుండా బండి మెట్టు మీదే కూర్చుని టీ తాగింది. జొన్న రొట్టెలు తానే చేస్తానంది.

120 లీటర్ల ట్యాంకు రెండు రోజులకు కొంచెం తక్కువ కాబట్టి మూడో రోజు యాగంటి దారిలో నింపుకోవాలి. బనగానపల్లెలో ఆగితే దొరుకుతాయా?

తుంగభద్ర_తీరం:

దొరుకుతాయి, కానీ అక్కడిదాకా ఆగొద్దు. రెండో రోజు సాయంత్రం బెలుం నుంచి బయటికి వచ్చి కొలిమిగుండ్లలోనే నింపుకో, సగం ఉండగానే నింపుకునే అలవాటు పెట్టుకో. పైపు 15 మీటర్లది నీ సొంతది తీసుకుపో, మనం అడిగితే నీళ్లు ఇస్తారు, పైపు మాత్రం ఎవరి దగ్గరా ఉండదు.