బాయిలర్ గదిలో పీల్చిన ధూళికి రుజువు ఎవరు చూపాలి?

కావలి, మాజీ నావికుడు:
నేను 1978లో నౌకాదళంలో చేరి, పదిహేనేళ్లు ఆవిరి ఓడలలో మెకానిక్‌గా పనిచేశాను. ఆవిరి గొట్టాల చుట్టూ, బాయిలర్ల మీద తెల్లటి లాగింగ్, అంటే వేడి బయటికి పోకుండా చుట్టే పొర, ఉండేది. అది ఆస్బెస్టాస్, అంటే రాతినార. మరమ్మతుకు దిగితే ముందు దానిని కత్తితో కోసి ఊడదీసేవాళ్లం, గొట్టాల అతుకు అంచుకు (ఫ్లాంజికి) అంటుకుపోయిన పాత గ్యాస్కెట్‌ను, అంటే ఆవిరి కారకుండా మధ్యలో పెట్టే బిళ్లను, గీకి వైరు బ్రష్‌తో రుద్దేవాళ్లం, పంపుల ఇరుసుల చుట్టూ కారకుండా కూరే ప్యాకింగ్ మార్చేవాళ్లం. గాలి ఆడని ఆ గదిలో మా ముక్కుకు అడ్డం చేతిరుమాలే. నాతో పనిచేసిన మా మండలపు మిత్రుడికి నిరుడు ఊపిరితిత్తుల పొరకు వచ్చే క్యాన్సర్, మెసోథీలియోమా, అని తేలింది. సర్వీసు వల్ల వచ్చినట్లు ఆధారం లేదంటూ ఆయన వైకల్య పింఛను దరఖాస్తును తిప్పి పంపారు. ఆ ఆధారం ఆయనే తేవాలనడం న్యాయమేనా?

ఒంగోలు, విశ్రాంత ఖజానా ఉద్యోగి:
అన్నగారూ, మీ మిత్రుడి స్థితి విని బాధ కలిగింది. అయినా ప్రజల సొమ్ము ఇచ్చేటప్పుడు ఆధారం అడగడం తప్పు కాదు. మన జిల్లాల్లో ఎన్నో కుటుంబాలు సిమెంటు రేకుల కింద బతుకుతున్నాయి, వాటిలోనూ రాతినార ఉంది. సర్వీసు వదిలిన ముప్పై ఏళ్లలో ఆయన ఇంకెక్కడ పీల్చారో, పొగ తాగేవారో కాదో ఎవరికి తెలుసు? చీమకుర్తి క్వారీలలో రాతి దుమ్ము పీల్చిన కూలీకి లేని సడలింపు మాజీ సైనికుడికి ఎందుకు?

కావలి, మాజీ నావికుడు:
మెసోథీలియోమాకు పొగాకు కారణం కాదు. ఊపిరితిత్తుల క్యాన్సర్ వేరు, దానికి పొగాకూ రాతినారా తోడైతే ముప్పు బాగా పెరుగుతుంది. రేకులో నార సిమెంటుతో బిగిసి ఉంటుంది. కోసినా పగలగొట్టినా ప్రమాదమే, కాదనను. కానీ పొడిగా రాలే లాగింగ్‌ను మూసిన గదిలో చేతులతో పీకడం దానితో పోల్చదగినది కాదు. ఈ జబ్బు బయటపడడానికి ఇరవై నుంచి యాభై ఏళ్లు పట్టవచ్చు కనుక, విడుదలనాటి ఎక్స్‌రేలో ఏమీ లేదన్న మాటకు విలువ లేదు. క్లెమాన్సో అనే తన పాత యుద్ధనౌకను గుజరాత్‌లో ఓడలు విడగొట్టే అలంగ్‌కు పంపి, రాతినార మీద గొడవ రేగడంతో ఫ్రాన్స్ 2006లో వెనక్కి పిలిపించుకుంది. ఓడను విడగొట్టేవారికి ప్రమాదమైనది, అలాంటి ఓడలో ఏళ్ల తరబడి దానినే ఊడదీసినవారికి కాదా?

నెల్లూరు, న్యాయవాది:
ఆస్బెస్టాస్ కార్మికుల ఆరోగ్య రికార్డులను ఉద్యోగంలో చేరిననాటి నుంచి 40 ఏళ్లు, లేదా ఉద్యోగం మానిన తరువాత 15 ఏళ్లు, ఏది ఆలస్యమైతే అంతవరకు, భద్రపరచాలని సుప్రీంకోర్టు 1995లోనే ఆదేశించింది. అది పరిశ్రమల గురించిన తీర్పు. 2013లో వైకల్య పింఛనుపై ఇచ్చిన మరో తీర్పులో, చేరేటప్పుడు నమోదు కాని జబ్బుతో సైనికుడిని పంపివేస్తే, అది సర్వీసు వల్ల వచ్చినట్లే భావించాలని, రుజువు భారం అతనిది కాదని చెప్పింది. అయితే మూడు దశాబ్దాల తరువాత బయటపడిన జబ్బుకు ఆ భావన నేరుగా అందదు, చిక్కంతా ఇక్కడే. నా అభిప్రాయంలో ఆయన తాను పనిచేసిన ఓడలు, బ్రాంచి, బయాప్సీ నివేదిక చూపితే చాలు. ఏ ఓడలో ఏ లాగింగ్ వాడారో తెలిపే కాగితాలు నౌకాదళం దగ్గరే ఉండాలి, పింఛను కోరే మనిషి వాటిని తేలేడు.

ఒంగోలు, విశ్రాంత ఖజానా ఉద్యోగి:
కాగితం ఎవరి చేతిలో ఉంటే వారే చూపాలన్నది నాకు సమ్మతమే. క్వారీ కూలీకీ అదే సూత్రం వర్తింపజేయాలి, హాజరు పట్టీ యజమాని దగ్గరే ఉంటుంది కదా.

కావలి, మాజీ నావికుడు:
తప్పకుండా వర్తించాలి. రేపే మిత్రుడి సర్వీసు రికార్డు నకలు కోరుతూ ఉత్తరం రాస్తాను. ఆయనతో ఆ ఓడలలో పనిచేసినవారు నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఉంటే, చూసినది చూసినట్లు ప్రమాణపత్రం రాసివ్వవలసిందిగా వేడుకుంటున్నాను. ఆయనకు నడిచే ఓపిక తగ్గిపోతోంది.