ఆసిడ్ హౌస్ పుట్టిల్లు ఏది: 1982 బొంబాయా, 1987 షికాగోనా?

తంబూర_శ్రుతి:
ఆసిడ్ హౌస్ అనే క్లబ్బు డాన్స్ సంగీతం అనగానే అందరూ షికాగో పేరే ఎత్తుతారు. అక్కడి ఫ్యూచర్ బృందం ‘ఆసిడ్ ట్రాక్స్’ బయటికొచ్చింది 1987లో. బొంబాయి సినిమా వాద్యకారుడు చరణ్‌జిత్ సింగ్ పది రాగాలను డిస్కో బీటుకు కట్టిన ఎల్పీని మన హెచ్‌ఎంవీ 1982లోనే వేసింది. అందులో వాడినవి రోలండ్ కంపెనీ పెట్టెలు: టీబీ-303 బేస్ సింథసైజర్, టీఆర్-808 డ్రమ్ మెషిన్, జూపిటర్-8 కీబోర్డ్ సింథసైజర్. ఎలక్ట్రానిక్ వాద్యాలను ఒకదానికొకటి కలిపే మిడి పద్ధతి వచ్చింది 1983లో, అంటే ఈయన పనిచేసే నాటికి అది లేదు. 303నీ 808నీ కలపాలంటే ఐదు పిన్నుల సింక్ కేబులే దిక్కు, దాంట్లో బీటుకు 24 పల్సులు వెళ్లి తాళం కలుపుతాయి. కిక్ డ్రమ్మూ ఉంది, 303 బేసూ ఉంది, అదీ ఐదేళ్లు ముందు. ఇంకేం కావాలి?

కటాఫ్_నాబ్:
303 మోగిందల్లా ఆసిడ్ అయితే బ్రిటన్ బ్యాండు హెవెన్ 17 వాళ్ల ‘లెట్ మి గో’ పాట కూడా ఆసిడే అవ్వాలండీ. అదీ 1982దే, అందులోనూ 303 ఉంది. దాన్ని ఆసిడ్ అన్నవాళ్లు నాకు తగల్లేదు.

ఆసిడ్ అనేది పెట్టెలో లేదు, పెట్టె మీద ఆడే చేతిలో ఉంది. ‘ఆసిడ్ ట్రాక్స్’ పది నిమిషాలు దాటుతుంది. ఆ సేపంతా బేస్ వరస దాదాపు అదే తిరుగుతుంది, మారేది రంగు. కటాఫ్ (ఫిల్టర్ ఎంత పదును శబ్దాన్ని దాటనివ్వాలో చెప్పే నాబు) తెరుస్తారు, రెజొనెన్స్ (ఆ హద్దు దగ్గర శబ్దాన్ని కీచుమనిపించేది) పెంచుతారు, డికే (ఒక్కో స్వరానికి ఫిల్టర్ ఎంతసేపట్లో మూసుకోవాలో చెప్పేది) తగ్గిస్తారు. పాటంటే ఆ నాబులు తిరగడమే. రాగాల ఎల్పీలో ముందు నడిచేది జూపిటర్ మీద చేత్తో వాయించిన రాగం, 303 దాని కింద తోడు.

పాత_క్యాసెట్:
భైరవ్ ట్రాక్ పెట్టి బేస్ ఒక్కటే వినండి. బురదలోంచి కాలు పీకినట్టు ఆ చప్పుడు ఉందా లేదా?

కటాఫ్_నాబ్:
ఉంది, కాదనను. అది ఎన్వలప్ మాడ్ అనే నాబు పని. ఆ నాబు కాస్త పెంచి ఉంచితే ప్రతి స్వరానికీ ఫిల్టర్ దానంతటదే తెరుచుకుని మూసుకుంటుంది, చెయ్యి పెట్టక్కర్లేదు. నేను చెప్పేది నిమిషాల పొడుగునా చేత్తో లాగే మార్పు. ఈ రెండూ ఒకటి కావు.

తంబూర_శ్రుతి:
మరి స్లైడ్ సంగతి? 303లో స్వరం నుంచి స్వరానికి జారడం హిందుస్తానీ సంగీతంలోని మీండ్ కాక ఏమిటి? రాగం తెలిసినవాడి చేతికి ఆ పెట్టె ఎందుకు నచ్చిందో అక్కడే తెలుస్తుంది.

కటాఫ్_నాబ్:
303 స్లైడ్‌ని మీండ్ అనకండి, దయచేసి. దాంట్లో జారే సమయం బిగించేసి ఉంటుంది. అరస్వరం దూరమైనా, ఒక స్థాయి దూరమైనా అంతే సేపు. పొడిగించడానికి నాబు లేదు. భైరవ్ అంటే మన మాయామాళవగౌళ స్వరాలు. అక్కడ రిషభం, ధైవతం ఊగాలి. పన్నెండు మెట్ల మీద గెంతే పెట్టెకు ఆ ఊపు రాదు.

తంబూర_శ్రుతి:
ఊగాలని నాకు మీరు చెప్పక్కర్లేదు. ఊగించలేని పెట్టె మీద భైరవ్ ఛాయ నిలబెట్టాడు, అది గొప్ప కాదా?

కొత్తగా_చేరా:
అన్నా, మధ్యలో వచ్చినందుకు సారీ. 303లో స్లైడ్, యాక్సెంట్ (స్వరాన్ని గట్టిగా కొట్టడం) ఎక్కడ పెట్టాలి? నా ప్యాటర్న్ ప్రతిసారీ చెదిరిపోతోంది.

పదహారు_అడుగులు:
తమ్ముడూ, 303లో స్వరం వేరు, కాలం వేరు. ముందు పిచ్ మోడ్‌లో స్వరాలు మాత్రం వరసగా కొట్టు. యాక్సెంట్, స్లైడ్ కూడా అక్కడే. తర్వాత టైమ్ మోడ్‌లో 16 అడుగులకూ నోట్ (కొత్త స్వరం), టై (ముందు స్వరం పొడిగింపు), రెస్ట్ (మౌనం)లలో ఏదో ఒకటి. పిచ్‌లో 9 స్వరాలు కొట్టి టైమ్‌లో 10 నోట్లు పెట్టావనుకో, పదో చోట నువ్వు అనుకోని స్వరం పలుకుతుంది. నీకు చెదిరేది ఈ లెక్క దగ్గరే.

స్లైడ్ పెట్టిన చోట తర్వాతి స్వరానికి ఎన్వలప్ (స్వరం లేచి తగ్గే తీరు) కొత్తగా మొదలవదు, అందుకే అతుక్కుని వినిపిస్తుంది. యాక్సెంట్ శబ్దం పెంచి డికే కురచ చేస్తుంది. రెజొనెన్స్ ఎక్కువగా ఉంచి మూడు అడుగులకు వరసగా యాక్సెంట్ పెట్టి చూడు. లోపలి కెపాసిటర్ పూర్తిగా ఖాళీ అయ్యేలోపే మళ్లీ నిండుతుంది, ఫిల్టర్ ప్రతి దెబ్బకీ ఇంకాస్త పైకి లేస్తుంది. ఆసిడ్ అరుపు సగం అక్కడిదే. బ్యాటరీలు కూడా చూసుకో, అవి అయిపోతే దాచుకున్న ప్యాటర్న్‌లు పాడైపోతాయి.

తంబూర_శ్రుతి:
కటాఫ్ గారూ, ఒక్క మాట అడుగుతా. మనవాడు ముందు చేశాడనేసరికి మీకెందుకంత కష్టం? షికాగోవాళ్లు చేస్తే ఆవిష్కరణ, బొంబాయిలో చేస్తే కాకతాళీయం. ఆయనది కాకతాళీయం ఎలా అవుతుంది? సినిమా స్టూడియోల్లో ఏళ్ల తరబడి వాయించినవాడు, శ్రుతిలా ఆగకుండా నిలిచే బేస్ కావాలని ఎంచి పెట్టుకున్నాడు.

కటాఫ్_నాబ్:
‘మనవాడు’. గొడవంతా ఆ మాటలోనే ఉంది. ఫ్యూచర్ బృందంలోని డీజే పియర్, స్పాంకీ, హెర్బ్ జె షికాగో నల్లజాతి కుర్రాళ్లు. అమ్ముడుపోక 1984కే తయారీ ఆగిపోయిన 303ని పట్టుకుని ఆ శబ్దం పుట్టించారు. మ్యూజిక్ బాక్స్ క్లబ్బులో డీజే రాన్ హార్డీ ‘ఆసిడ్ ట్రాక్స్’ను ఒకే రాత్రి నాలుగుసార్లు వేశాడని చెబుతారు. మొదట జనం ఖాళీ అయ్యారు, నాలుగోసారికి ఊగిపోయారు. అక్కణ్ణుంచి డీజేలు, క్లబ్బులు, ఇంగ్లండు, అదంతా ఒక వంశం. రాగాల ఎల్పీ అప్పట్లో అమ్ముడుపోలేదు. లోకం చెవిన పడింది 2010 రీఇష్యూతో. దాన్ని విని షికాగోలో ఎవరూ నేర్చుకోలేదు. మీరు ‘పుట్టిల్లు’ అంటే ఆ కుర్రాళ్ల పేరు చెరిపేసినట్టే, నా బాధ అది. ఆయన గొప్పతనం మీద నాకు పేచీ లేదు.

తంబూర_శ్రుతి:
ఈ మాట మొదటి పోస్టులోనే అని ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. చెరపాలని నేను అనలేదు. ఆయన్ని వింత వస్తువులా చూపించి పక్కన పెట్టేస్తారనే నా కోపం. 2015లో పోయాడు, చివరి కొన్నేళ్లే పేరు చూశాడు. సరే, ‘పుట్టిల్లు’ వెనక్కి తీసుకుంటా. ‘ముందు’ మాత్రం తీసుకోను.

కటాఫ్_నాబ్:
‘ముందు’ దేనికి? డిస్కో కిక్ మీద 303కి అయితే ఒప్పుకుంటా. ఆసిడ్‌కి అయితే, నాబు తిరిగిన చోటు నిమిషం, సెకనుతో సహా చూపించండి.

పాత_క్యాసెట్:
ఒక్కో రాగం ట్రాక్ మళ్లీ వింటున్నా. కలావతి, అదే మన వలజి, దాంతో మొదలెట్టా. కటాఫ్ కదిలినట్టు అనిపించిన ప్రతి చోటూ టైమ్ రాసుకుంటున్నా, పదీ అయ్యాక పెడతా.