సమస్యాపూరణం: "రాళ్ళే పూలై విరిసెను రాయలసీమన్"

నిర్వాహకుడు (ప్రొద్దుటూరు):
పోయిన నెల మా ఇంట్లో పెళ్ళి. డెల్టా నుంచి వచ్చిన చుట్టాల్లో ఒక పెద్దాయన కారు దిగీ దిగగానే "ఎలా ఉంటారయ్యా ఈ రాళ్ళలో" అన్నాడు. ఆయన గొంతులో ఎగతాళి లేదు, జాలి ఉంది. ఎగతాళి అయితే ఓర్చుకునేవాణ్ణేమో, ఆ జాలి మాత్రం రాత్రంతా గుచ్చుకుంది. ఈ వారం సమస్య అందులోంచే పుట్టింది.

రాళ్ళే పూలై విరిసెను రాయలసీమన్

ఇది కంద పద్యం నాలుగో పాదం, ముందు మూడు పాదాలు మీరు రాయాలి. ళ్ళ ప్రాస, అంటే ప్రతి పాదంలో రెండో అక్షరం ళ్ళ కావాలి, మాటలు తక్కువ దొరుకుతాయి. కరువు, ఫ్యాక్షన్, సినిమాల్లో పేలే బాంబులు తప్ప మన నేల గురించి బయటివాళ్ళకు ఇంకేమీ తెలియదు. దూరపు కొండలు నునుపు అంటారు కదా, మన కొండల దగ్గర ఆ సామెత తిరగబడింది. దూరం నుంచి చూస్తే గరుకు, దగ్గరికొస్తేనే నునుపు. పూరించండి.

పెన్నాతీరం (జమ్మలమడుగు):

ఏళ్ళుగ వానలు లేవని
వాళ్ళూ వీళ్ళూ వగచిన వసుధనె చూడన్
నీళ్ళే కోసిన గండిని
రాళ్ళే పూలై విరిసెను రాయలసీమన్

నిర్వాహకుడు:
అన్నా, మూడో పాదం దగ్గర కాసేపు ఆగిపోయాను. నీళ్ళు లేని సీమ అని లోకం పెట్టిన పేరు. గండికోట దగ్గర ఎర్రమల కొండలను నిలువునా చీల్చింది మాత్రం ఆ నీళ్ళే. నంది కొండల్లో పుట్టిన పెన్న ఎన్ని యుగాలు ఒరుసుకుంటే ఆ గండి పడిందో! కోట వెనక అంచున నిలబడి చూస్తే ఎర్రరాయి పొరలు పొరలుగా, ఎవరో కూర్చుని పేర్చినట్టే ఉంటుంది. పొద్దు వాలేటప్పుడు ఒక్కో పొరదీ ఒక్కో రంగు. నీ పద్యంలో 'పెన్న' అన్న మాట లేకపోయినా నది వినబడుతోంది. గణాలు (లఘువు గురువుల గుంపులు), యతి (రెండు, నాలుగు పాదాల్లో మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ పొత్తు) చక్కగా కుదిరాయి.

రిటైర్డ్ తెలుగు పండితుడు (నంద్యాల):
పూరణ బాగుంది నాయనా. నా పేచీ సమస్యతోనే. రాయి అన్న మాటకు పాత రూపం 'ఱాయి', అందులోది శకట రేఫ, అంటే బండి ఱ. 'రాయల'లో ఉన్నది మామూలు రేఫ. ఈ రెండింటికీ యతి చెల్లదని పూర్వులు పట్టుబట్టేవారు. పైగా 'రాళ్ళు' వాడుక రూపం, కావ్యభాషలో 'ఱాలు'.

నిర్వాహకుడు:
నిజమే గురువుగారూ, ఒప్పుకుంటున్నాను. ఇప్పుడు ఱ మన నాలుక మీదా లేదు, బడి పుస్తకాల్లోనూ అరుదే కాబట్టి ఇక్కడ రెండింటినీ ఒకటిగానే తీసుకుందాం. 'రాళ్ళు' అన్న మాటను మాత్రం వదులుకోలేను. పెళ్ళికొచ్చిన పెద్దాయన అన్న మాట అదే.

హిందూపురం అక్క:

గుళ్ళో కంబము లాడెను
కళ్ళకు విందయ్యె శిల్పి కౌశల మెల్లన్
వేళ్ళే యులులై మలచిన
రాళ్ళే పూలై విరిసెను రాయలసీమన్

లేపాక్షి నాట్యమండపం తలుచుకుని రాశాను.

నిర్వాహకుడు:
అక్కా, స్తంభాలు ఆడటం అన్న ఊహకు దండం. 'వేళ్ళే ఉలులు' మరీ బాగుంది. సమస్య చూడగానే శిల్పం గుర్తుకు రావడం సహజమే, అందరూ ముందు అటే వెళ్తారు. నేను అడిగింది మనిషి చెయ్యి పడకముందు ఉన్న నేల అందం కదా అని మొదట కొంచెం వెనకాడాను. ఆ తర్వాత లేపాక్షి నాగలింగం గుర్తొచ్చింది. ఎక్కడినుంచో మోసుకొచ్చిన రాయి కాదది, అక్కడే పడి ఉన్న బండ. వీరభద్రుడి గుడి కూడా తాబేలు వీపులాంటి కొండ మీదే ఉంది. ఉలి తీయకముందే శిల్పి కళ్ళకు ఆ బండలో పడగ కనిపించి ఉండాలి. మనం 'బండ' అని దాటిపోయేది ఆయనకు పూలమొగ్గ. అలా చూస్తే నీ పూరణ నేల గురించే.

కొత్తగా నేర్చుకుంటున్న తమ్ముడు (ఓర్వకల్లు):
నాకు ఇదే మొదటి కందం, తప్పులుంటే చెప్పండి సార్.

ముళ్ళకు మధ్యన తంగెడు
పళ్ళెము నిండుగ పసుపును కురిసిన యట్లున్
కళ్ళను నింపెను, గట్టున
రాళ్ళే పూలై విరిసెను రాయలసీమన్

నిర్వాహకుడు:
తమ్ముడూ, గణాలన్నీ సరిపోయాయి, మొదటి పద్యానికి ఇది చిన్న సంగతి కాదు. రెండో పాదంలో యతి తప్పింది. పాదం 'ప'తో మొదలైంది, నాలుగో గణం 'కు'తో మొదలైంది. 'పసుపును కురిసిన' అనడం వ్యాకరణానికీ పొసగదు, పసుపు కురుస్తుంది గానీ పసుపును కురవదు. 'పరచిన యట్లున్' అని మార్చు, రెండూ తీరిపోతాయి.

పళ్ళెము నిండుగ పసుపును పరచిన యట్లున్

తంగేడును ఎంచుకున్నావే, అది నాకు బాగా నచ్చింది. ఎవరూ నాటరు, ఎవరూ నీళ్ళు పోయరు, మేకలు కూడా ముట్టవు. వానలు వెనకబట్టాక మీ ఓర్వకల్లు రాళ్ళ మధ్య ఆ పసుపు చూసినవాళ్ళు ఈ నేలను బీడు అనలేరు. మే నెల మిట్టమధ్యాహ్నం రైలు కిటికీలోంచి చూసినవాళ్ళు పెట్టిన పేరది.

నల్లరేగడి (కొలిమిగుండ్ల):
పద్యం రాయడం నాకు రాదు, ఒక మాట చెప్తా. మా దగ్గర అందం నేల కింద దాక్కుంది. బెలుం గుహలు 3,229 మీటర్లు. పైన నడిస్తే చదును చేను, నాపరాళ్ళ గట్లు, ఏమీ తెలీదు. కిందికి దిగితే సున్నపురాయిని నీళ్ళు తొలిచిన దారులు. ఇక్కడ కూడా నీళ్ళే చూడండి, పెన్నాతీరం అన్న చెప్పినట్టు.

కడప పక్షిప్రేమి:

ఏళ్ళుగ కనబడని పులుగు
ముళ్ళ పొదల రాత్రి నడచి ముచ్చట గొలుపన్
వేళ్ళూనిన లంకమలన
రాళ్ళే పూలై విరిసెను రాయలసీమన్

నిర్వాహకుడు:
కలివికోడి! 1900 తర్వాత ఎవరి కంటా పడక, అంతరించిపోయిందనుకున్న పిట్ట. 1986లో మన లంకమల దగ్గర మళ్ళీ కనిపించింది. పగలు దాక్కుని రాత్రి తిరుగుతుంది కాబట్టి 'రాత్రి నడచి' అన్నది అక్షరాలా నిజం. పచ్చని అడవిని ఇస్తామన్నా అది పోదు, దానికి రాళ్ళు, ముళ్ళపొదలు, మధ్యలో ఖాళీ నేల కావాలి. 'పనికిరాని భూమి' అని కాగితాల్లో రాసుకున్న చోటే దానికి ఇల్లు. 'వేళ్ళూనిన' అన్నది కొండకు నప్పిందా అని కాస్త అనుమానం, ప్రాస కోసం వచ్చినట్టుంది. మిగతా పద్యం బాగుంది.

చెనిక్కాయల చేను (అనంతపురం):
అన్నా, అందరూ అందం అందం అంటావుంటే నాకు కొంచెం కష్టంగా ఉంది. మాకు ఏడాదికి పడేది సుమారు 550 మిల్లీమీటర్లు, అదీ అదునుకు పడదు. నైరుతి మబ్బులను పడమటి కనుమలు ఆపేస్తాయి, ఈశాన్యం మా దాకా వచ్చేసరికి సగం ఆరిపోతుంది. మా నాయన నాలుగు బోర్లు వేసినాడు, మూడు ఎండిపోయినాయి. ఫోటో తీసుకుని పోయేవాళ్ళకు ఆ కొండ అందం. దాని కింద అప్పు తీర్చేవాళ్ళకు ఏంది? అయినా రాసినా.

సాళ్ళకు చాలవు చినుకులు
కాళ్ళకు తగిలెడు శిలలను కన్నుల నద్దన్
మళ్ళి చెనిక్కాయ మొలచె
రాళ్ళే పూలై విరిసెను రాయలసీమన్

నిర్వాహకుడు:
తమ్ముడూ, ఈ వారం వచ్చినవాటిలో నాకు అన్నిటికన్నా లోతుగా దిగిన పద్యం ఇదే. కాలికి తగిలిన రాయిని విసిరేయకుండా కళ్ళకద్దుకునే మనిషి ఇంకెక్కడైనా ఉన్నాడా? 'చెనిక్కాయ' అని మన మాటే వాడావు, 'వేరుశనగ' అని రాసి ఉంటే ఇంత తగిలేది కాదు. నీ ప్రశ్నకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఒకటి మాత్రం ఒప్పుకుంటా. అందంగా ఉందని చెప్పి కరువును చిన్నది చేస్తే అది తప్పే. కరువుందని చెప్పి మీ నాయన పొద్దున్నే లేచి చూసే కొండను వికారం అన్నా అంతే తప్పు. ఆ నేల అందంగా లేకపోతే నాలుగో బోరు వేసేంత మమకారం ఎక్కడినుంచి వస్తుంది?

చెనిక్కాయల చేను:
అది నిజమే అన్నా. ఆ నాలుగో బోరు వేసేటప్పుడు నేనూ పక్కనే ఉన్నా. నీళ్ళు పడినప్పుడు మా నాయన ముందు నేలకు మొక్కినాడు.

కొత్తగా నేర్చుకుంటున్న తమ్ముడు (ఓర్వకల్లు):
సార్, ఇంకొకటి ప్రయత్నించా. రెండో పాదం 'మళ్ళిన పొద్దే తనంత మంకెన చల్లన్'. మూడో పాదం 'వాళ్ళన్నది మరచిపొండి' అని పెడితే తప్పా?

నిర్వాహకుడు:
తప్పే. చివర 'చిపొండి' జగణం (లఘువు, గురువు, లఘువు) అయింది, కందంలో బేసి గణాల్లో జగణం రాకూడదు. 'మరచి కనుము' అను, చివరి గణం నలము (నాలుగు లఘువులు) అవుతుంది. అర్థం కూడా పెరుగుతుంది, మరిచిపొమ్మని ఊరుకోకుండా చూడమని కూడా చెప్తున్నావు. రెండో పాదంలో 'తనంత' ఆరో గణం, అక్కడ జగణం ఉండొచ్చు, దాన్ని కదిలించకు.

కొత్తగా నేర్చుకుంటున్న తమ్ముడు:

ఊళ్ళకు దూరపు కొండల
మళ్ళిన పొద్దే తనంత మంకెన చల్లన్
వాళ్ళన్నది మరచి కనుము
రాళ్ళే పూలై విరిసెను రాయలసీమన్

రిటైర్డ్ తెలుగు పండితుడు (నంద్యాల):
మంకెనపూల ఎరుపును పొద్దు చేత చల్లించావు. శకట రేఫ సంగతి ఈ పూటకు మరిచిపోయాను నాయనా.

చెనిక్కాయల చేను:
నిర్వాహకుడన్నా, ఆ పెళ్ళి పెద్దాయన మళ్ళీ వస్తే గండికోట ఒక్కటే చూపించి పంపొద్దు. మా చేను మీదుగా పిలుచుకురా. కాయ పీకే కాలమైతే ఉడకేసి పెడతాం, గట్టు మీద కూర్చుని తినొచ్చు. కొండ అక్కడినుంచి బాగా కనపడుతుంది.