పార్కు, రోడ్లు మున్సిపాలిటీకి రాసిచ్చేద్దామా?

(ఓ గేటెడ్ విల్లా కాలనీ గ్రూపులో చర్చ)

విల్లా 17: ఆదివారం మన కాలనీ జనరల్ బాడీ. అజెండా తెలుసుగా: అసోసియేషన్, దాని బైలాస్ (నియమావళి) రద్దు చేసి, పార్కూ లోపలి రోడ్లూ మున్సిపాలిటీకి గిఫ్ట్ డీడ్ చేయడం. నా ఓటు సరేననే. ఇంటి పన్ను కట్టి, మళ్లీ మెయింటెనెన్స్ కట్టి, వీధి దీపం పోతే మనమే మార్చుకోవడం ఏమిటండీ? హైదరాబాద్ శివారులో ఉండి పంచాయతీ రోజుల్లోలా బతకాలా?

విల్లా 42: దీపం కోసం స్థలం రాసిచ్చేస్తారా సార్? గిఫ్ట్ డీడ్ ఒకసారి రిజిస్టరయ్యాక, మనసు మారిందంటే వెనక్కి రాదు. రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం) సెక్షన్ 17 చదవండి, ఉమ్మడి స్థలాన్ని బిల్డర్ అసోసియేషన్‌కి రాసివ్వాలనే ఉంది.

విల్లా 17: మన పర్మిషన్ 2013ది. రెరా చట్టం వచ్చింది 2016లో.

విల్లా 8: నోటీసు వాట్సాప్‌లో పెడితే చెల్లుతుందా?

విల్లా 42: 2013 అయితే ఏం, న్యాయం న్యాయమేగా. అసలు మీ కోపం చట్టం మీద కాదు, కమిటీ మీద.

విల్లా 17: అవును, కమిటీ మీదే! మా అమ్మాయి ఓణీల ఫంక్షన్‌కి చుట్టాలు దిగాక క్లబ్‌హౌస్‌కి తాళం వేశారు. బకాయి ఉందట. షామియానా ఇంటి ముందు రోడ్డు మీద వేయించా. దానికీ ఫైన్ వేశారు.

విల్లా 31 (అద్దె): మాకు ఓటు లేదు గానీ, పార్కుకి ట్యాంకర్ నీళ్లెవరు పోస్తారు?

విల్లా 42: బాగా అడిగారు. రోడ్లు ఇచ్చేసి గేటు ఎత్తేస్తే వెనక బస్తీ మొత్తం మన రోడ్డు మీదే తిరుగుతుంది. పిల్లల్ని బయట వదలగలమా?

విల్లా 17: ఆఁ, ఇప్పుడొచ్చింది అసలు మాట. భవన నిర్మాణ నిబంధనల జీవో 168 ప్రకారం వెనక స్థలాలకి దారిగా అంచున 9 మీటర్ల రోడ్డు వదలాలి. మన ప్లాన్‌లో ఉంది, నేను చూశా. ఇప్పుడక్కడ గోడ కట్టి షటిల్ కోర్టు గీశారు. బస్తీవాళ్లు చెరువు గట్టు చుట్టి వెళ్తున్నారు.

విల్లా 42: గోడ కట్టింది నేను కాదు. గేటెడ్ అన్నారనే ఎక్కువ పెట్టి కొన్నా, ఈఎంఐ ఇంకా నడుస్తోంది. రేటు పడిపోతే ఆ తేడా మీరిస్తారా?

విల్లా 17: వాళ్ల దారి మూసి మీ రేటు నిలబెట్టుకుంటారా?

విల్లా 23: ఇద్దరూ ఆపండి. మున్సిపాలిటీవాళ్లు కొలతకొస్తే ముందు కూలేది ఆ గోడే. గిఫ్ట్ డీడ్ పక్కన పెట్టి, శాంక్షన్ ప్లాన్ కాపీ ఇక్కడ పెట్టండి.