చేత్తో బొంత కుట్టడంలో నిజంగా హాయి ఉందా, ఊరికే అంటున్నామా?

ధర్మాబాద్ కోడలు:
మా అత్తమ్మ పాత నూలు చీరలు పరిచి మనవరాలికి బొంత కుడుతోంది. మిషన్ మీద ఒక్క పూటలో అయిపోతుందని చెప్పినా వినదు. మెడ నొప్పి, కళ్లకు అద్దాలు, అయినా వదలదు. అడిగితే మనసుకు హాయిగా ఉంటుందట! ఆడవాళ్ల చాకిరీకి పెట్టిన ముద్దుపేరు కాదా ఈ హాయి? మీరేమంటారు?

సిరొంచ సార్:
చాకిరీయే. మా అమ్మ చలి మొదలయ్యేలోపు ఇంటిల్లిపాదికీ కుట్టేది. హాయి అన్న మాట ఆమె నోట ఎప్పుడూ వినలేదు. దుప్పట్లు కొనే డబ్బుల్లేక కుట్టింది. అవే ఇప్పుడు గోధడీలని మరాఠీ పేరుతో పట్నాల్లో మంచి ధరకు అమ్ముతున్నారు. కుట్టిన చేతికి ఎంత దక్కుతుందో అది అడగండి ముందు.

బిలోలి అక్క:
సార్, అమ్మగారు అనలేదంటే లేదనా? మా వాకిట్లో చీరలు పరిచి, మూలలకు రాళ్లు పెట్టి, అంచు నుంచి నడిమికి చుట్టూ కుట్టుకుంటూ వస్తాం. పక్కింటి మరాఠీ వహినీ (వదిన) కూడా వచ్చి ఒక అంచు పడుతుంది. ఆమె మరాఠీలో, మేం తెలుగులో. ముచ్చట మాత్రం ఆగదు. మగవాళ్ల ముందు ఎత్తలేని మాటలన్నీ అక్కడే. ఒకటి గమనించండి, చేతిలో సూది ఉన్నంతసేపు "ఖాళీగా కూర్చున్నావేం" అని ఎవరూ అనరు. ఇంకొకటి, వండింది పూటకే అయిపోతుంది, తోమిన గిన్నె రాత్రికి మళ్లీ అంట్లలోకే. బొంత ఏళ్ల తరబడి ఉంటుంది. పోయిన మా పెద్దమ్మ చీర అంచు ఏ బొంతలో ఉందో నేను చీకట్లో తడిమి చెప్పగలను.

సిరొంచ సార్:
అంటే సూది పట్టుకుంటేగానీ కూర్చోనివ్వరన్నమాట! అక్కా, మీరు నా వాదనే బలపరిచారు.

బిలోలి అక్క:
బలపరిచానేమో. ఆ కాసేపు మాత్రం నాదే కదా సార్.

బల్లార్షా తమ్ముడు:
రెండూ నిజమే కావచ్చు. అమెరికాలోని అలబామాలో జీస్ బెండ్ అనే ఊరుంది. అక్కడి నల్లజాతి మహిళలు చలికి తట్టుకోలేక, పొలంలో చిరిగిపోయిన పని బట్టలతో బొంతలు కుట్టుకున్నారు. 2002లో వాటినే న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియంలో గోడలకు వేలాడదీశారు. అవసరానికే కుట్టినా, ఏ రంగు పక్కన ఏ రంగు వేయాలో తేల్చుకున్నది వాళ్లే.

మిషన్ సంగతి కూడా చెప్తాను, మాది టైలరింగ్ షాపు. ఇంట్లో మిషన్ ఐదారు పొరలను సమంగా లాగదు, పై పొర జరిగి ముడతలు పడుతుంది. పాలిస్టర్ చీరలైతే మరీ జారతాయి. అత్తమ్మగారిని ఆ ఒక్క విషయంలో తప్పు పట్టలేం.

ధర్మాబాద్ కోడలు:
అంతా చదివి వినిపించాను. ఆ సార్‌ను వచ్చి ఒక అంచు కుట్టి చూడమంది. అమ్ముతావా అని అడిగితే, మనవరాలిది ఇవ్వను, ఇంకొకటి కుట్టి ఇస్తానంది. ధర కూడా చెప్పింది. నేననుకున్న దానికి రెట్టింపు! ఇక్కడ మాత్రం రాయొద్దంది, బేరాలు మొదలవుతాయట.