పుండుకు వెండి కట్టు: నిజంగా మానుస్తుందా, డబ్బు దండగా?

గోదారిగట్టు:
నాన్నకు షుగర్. అరికాలి పుండుకు నెల రోజులుగా సిల్వర్ డ్రెస్సింగే వేస్తున్నారు. చీము ఎప్పుడో తగ్గింది, పుండు మాత్రం అలాగే ఉంది. మామూలు కట్టుకన్నా ఖర్చు చాలా ఎక్కువ. వెండికి పుండు మాన్పే గుణం ఉందా అసలు?

పాతకాలపుమనిషి:
లేకపోవడమేంటి! పసిపిల్లలకు వెండి ఉగ్గుగిన్నె ఊరికే కొనేవారా? 1880ల్లో జర్మనీలో క్రెడే అనే డాక్టరు అప్పుడే పుట్టిన బిడ్డల కళ్లలో సిల్వర్ నైట్రేట్ చుక్కలు వేసి ఎందరికో చూపు నిలబెట్టాడు.

డ్రెస్సింగ్‌రూమ్ నర్సు:
క్రెడే సంగతి నిజమే. కానీ ఆయన ఆపింది ఇన్ఫెక్షన్‌ని. ఈ కట్టూ అంతే. పుండులో ఊరే తడి తగలగానే వెండి అయాన్లు బయటికొస్తాయి. అవి బ్యాక్టీరియా పొరను దెబ్బతీసి, లోపలి ప్రోటీన్లలో గంధకం ఉన్నచోట అతుక్కుని, దానికి శక్తినిచ్చే ఎంజైములను పనిచేయనివ్వవు. కొత్త చర్మం పుట్టించడం వాటి పని కాదు. పైగా మోతాదు ఎక్కువైతే మన కణాలకూ దెబ్బే. 1 శాతం సిల్వర్ సల్ఫాడయజిన్ క్రీము కాలిన గాయాలకు దశాబ్దాలుగా రాస్తున్నాం కదా, దానితో కొన్ని గాయాలు ఆలస్యంగా మానుతున్నాయని తర్వాత తేలింది.

పాతకాలపుమనిషి:
మా అత్తయ్య చెయ్యి కాలితే వెండి కట్టుతోనే మానిందండీ.

లెక్కలమాస్టారు:
మామూలు కట్టు వేసినా మానేదేమో, ఎలా తెలుస్తుంది? అందుకే పోల్చి చూడాలి. బ్రిటన్‌లో వల్కన్ ట్రయల్‌లో సిరల జబ్బుతో కాలి పుండ్లున్న 213 మందిని చూశారు, 2009లో ఫలితాలొచ్చాయి. 12 వారాలకు పుండు మానడంలో వెండి కట్టుకూ మామూలు కట్టుకూ చెప్పుకోదగ్గ తేడా లేదు, వెండికి ఖర్చు మాత్రం ఎక్కువైంది. నా లెక్కలో ఇది దండగే.

డ్రెస్సింగ్‌రూమ్ నర్సు:
మాస్టారూ, అక్కడే నాకు పేచీ. అందులో ఇన్ఫెక్షన్ లేని పుండ్లకూ వెండి వేశారు. మంట లేని ఇంటికి ఫైరింజన్ పంపి, పనికిరాలేదంటే ఎలా? చీము, వాసన, చుట్టూ ఎరుపు ఉన్నప్పుడు వేసి, రెండు వారాలకు మళ్లీ చూసి, తగ్గితే ఆపమని 2012లో అంతర్జాతీయ నిపుణులు చెప్పారు. తమ్ముడూ, చీము తగ్గాక కూడా ఎందుకు వేస్తున్నారో డాక్టరుగారిని అడుగు. షుగర్ పుండు మానాలంటే కాలికి రక్తం సరిగా అందాలి, పుండు మీద బరువు పడకూడదు. నాన్నగారు నడుస్తున్నారా?

గోదారిగట్టు:
రోజూ పొద్దున్నే గుడికి నడిచే వెళ్తారక్కా, అదీ హవాయి చెప్పులతో. నెల రోజుల్లో ఈ మాట ఎవరూ అడగలేదు.