సర్వరు మన ఊళ్లో ఉంటే సమాచారం మీద అధికారం మనదవుతుందా?

ప్రశ్న: రేవు గుమాస్తా (గాజువాక)

విశాఖపట్నంలో డేటా సెంటరు పెడతామని 2025 అక్టోబరు 14న ఢిల్లీలో గూగుల్ ప్రకటన వెలువడిన నాటి నుంచి మా కార్యాలయంలో, టీ దుకాణం దగ్గర, చివరికి పెళ్లి విందుల్లో కూడా ఇదే మాట. 2026 నుంచి 2030 వరకు అయిదేళ్లలో 15 బిలియన్ డాలర్ల పెట్టుబడి, గిగావాట్ స్థాయి డేటా సెంటరు, అదానీకానెక్స్, ఎయిర్‌టెల్ సంస్థల భాగస్వామ్యం, సముద్రగర్భ కేబుళ్లు నేరుగా మన తీరానికే చేరడం, ఇవన్నీ అందరికీ తెలిసినవే కాబట్టి మళ్లీ వివరించను. వీటితోపాటు చాలామంది నోట వినిపిస్తున్న వాదన ఒకటుంది. మన సమాచారం ఇకమీదట మన గడ్డమీదే ఉంటుంది గనుక దానిమీద పెత్తనం కూడా మనదేనన్నది ఆ వాదన. నా సందేహమంతా దాని మీదే.

నేను ఓడరేవు దగ్గర కస్టమ్స్ క్లియరింగ్ చేసే చిన్న సంస్థలో పద్దెనిమిదేళ్లుగా గుమాస్తాగా పనిచేస్తున్నాను. మా పనిలో ఇటువంటి చిక్కు నిత్యం చూస్తుంటాం. సరుకు టెర్మినల్‌లో కళ్లెదుటే ఉంటుంది, సుంకం కట్టి ఉంటాం, కస్టమ్స్ వారి అనుమతి కూడా వచ్చి ఉంటుంది, అయినా షిప్పింగ్ లైను వారు డెలివరీ ఆర్డరు (డీవో), అంటే సరుకు అప్పగించమనే కాగితం, ఇవ్వనిదే ఆ కంటైనరు గేటు దాటదు. సరుకు తనదే అయినా, ఊరు తనదే అయినా, డీవో చేతికి రాని దిగుమతిదారు చేయగలిగింది ఏమీ ఉండదు. రోజులు గడిచేకొద్దీ ఛార్జీలు మాత్రం అతని లెక్కలోనే పడతాయి.

మా యజమాని ఈ మధ్యనే లెక్కలు, బిల్ ఆఫ్ ఎంట్రీ (దిగుమతి సరుకు వివరాలతో కస్టమ్స్‌కు ఇచ్చే పత్రం) ప్రతులు, ఖాతాదారుల కేవైసీ పత్రాలు అన్నీ క్లౌడ్‌కు, అంటే ఇంటర్నెట్ ద్వారా అందే బయటి సంస్థ సర్వర్లకు, మార్పించారు. నేను సంశయిస్తే, కొన్నేళ్లలో అవన్నీ గూగుల్ డేటా సెంటరు రాబోయే తర్లువాడలోనే ఉంటాయిలే అని ధీమాగా అన్నారు. ఈ సర్వర్ల వ్యవహారంలో డీవో ఎవరి చేతిలో ఉంటుందో తెలిసినవారు చెప్పగలరని ప్రార్థన.

సమాధానం: కొండమీద సిస్టమ్స్ (మధురవాడ)

గుమాస్తా గారూ, మీ డీవో పోలికను నేను మా కార్యాలయంలో వాడుకుంటాను, అనుమతించండి. ఇరవై నిమిషాల స్లైడ్లతో మేము చెప్పలేకపోతున్న విషయం అందులో ఉంది.

ముందుగా మీ యజమాని గారి ధీమాలోని చిన్న పొరపాటు. క్లౌడ్‌లో సమాచారం దగ్గరలో ఉన్న భవనంలోకి తనంతట తాను వెళ్లి కూర్చోదు. ఏ ప్రాంతంలో ఉంచాలో ఖాతా తెరిచేటప్పుడు మనమో, మనకు ఆ సేవను అమ్మినవారో ఎంచుకుంటారు. గూగుల్ క్లౌడ్‌కు ముంబయిలో 2017 నుంచి, ఢిల్లీలో 2021 నుంచి ప్రాంతాలు ఉన్నాయి. అంటే మన గడ్డమీద సమాచారం అన్నది విశాఖతో కొత్తగా మొదలవుతున్న సంగతి కాదు. ఎనిమిదేళ్లకు పైగా అది మన గడ్డమీద ఉండే వీలు ఉంది, అంతమాత్రాన పెత్తనం ఏమైనా మారిందా అని చూసుకుంటే సమాధానం తెలుస్తుంది.

ఇక అసలు విషయానికి వస్తాను. గుజరాత్‌లోని వాడినార్‌లో నయారా ఎనర్జీకి ఏడాదికి 2 కోట్ల టన్నుల సామర్థ్యం గల చమురుశుద్ధి కర్మాగారం ఉంది. మన మల్కాపురం దగ్గర హెచ్‌పీసీఎల్ రిఫైనరీ విస్తరణ తరువాతి సామర్థ్యం 1.5 కోట్ల టన్నులు, కాబట్టి దాని పరిమాణం మీకు అర్థమవుతుంది. నయారాలో రష్యా సంస్థ రాస్‌నెఫ్ట్‌కు 49.13 శాతం వాటా ఉన్నందున యూరోపియన్ యూనియన్ 2025 జులై 18న దానిమీద ఆంక్షలు విధించింది. కొద్ది రోజులకే మైక్రోసాఫ్ట్ ఆ సంస్థకు సేవలు నిలిపివేసింది. ఉద్యోగుల ఈమెయిళ్లు ఆగిపోయాయి. పూర్తిగా డబ్బు చెల్లించి కొన్న లైసెన్సులు ఉండగానే తన సొంత సమాచారాన్ని తాను అందుకోలేకపోతున్నానని నయారా ఢిల్లీ హైకోర్టును ఆశ్రయించింది. జులై నెల ముగిసేలోపే సేవలను పునరుద్ధరించారు.

ఇందులో గమనించవలసిన సంగతి ఏమిటంటే, నయారా భారతీయ చట్టాల కింద నమోదైన సంస్థ, మైక్రోసాఫ్ట్ అమెరికా సంస్థ, ఆంక్షలు ఐరోపావి. భారతదేశంలోని ఏ న్యాయస్థానమూ, ఏ అధికారీ ఆపమని ఆదేశించలేదు. అంత పెద్ద రిఫైనరీకి హైకోర్టులో వకీళ్లను నిలబెట్టే స్తోమత ఉంది కాబట్టి వారంలో పని జరిగింది. మీ కార్యాలయం ఖాతాను ఏదో యాంత్రికమైన తనిఖీ అనుమానించి స్తంభింపజేస్తే మీరు ఎవరి గుమ్మం తొక్కుతారు? ఫోను ఎత్తే మనిషి కూడా ఉండడు, ఒక ఫారం మాత్రం ఉంటుంది.

మీరు అడిగిన డీవో సాంకేతికంగా రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి ఖాతా, అంటే లాగిన్ కానిచ్చే అధికారం. ఇది ఎప్పుడూ సేవ ఇచ్చే సంస్థ చేతిలోనే ఉంటుంది, సర్వరు తర్లువాడలో ఉన్నా టెక్సాస్‌లో ఉన్నా తేడా లేదు. రెండోది గూఢలిపి తాళంచెవి, అంటే చదవలేని రూపంలో దాచిన సమాచారాన్ని తెరిచే సంకేతం. మామూలుగా దాన్నీ వారే ఉంచుకుంటారు. ఆ తాళంచెవిని సంస్థ బయట మనమే ఉంచుకునే ఏర్పాటు కూడా ఉంది గాని, దానికి ఖర్చు ఎక్కువ, మెలకువ ఇంకా ఎక్కువ, తాళంచెవి పోగొట్టుకుంటే సమాచారం శాశ్వతంగా పోయినట్టే. అయిదుగురు పనిచేసే కార్యాలయానికి నేను దాన్ని సిఫారసు చేయను. మీకు పనికొచ్చేది అంతకన్నా మొరటు ఉపాయం. వారానికోసారి అన్ని ఫైళ్ల నకలును బయటి హార్డ్ డిస్కులోకి దించుకుని, ఆ డిస్కును ఇంకొక చోట ఉంచండి. దించుకున్న ఫైళ్లు ఆ సేవ లేకుండా తెరుచుకుంటున్నాయో లేదో నెలకోసారి తెరిచి చూడండి. చాలామంది ఈ రెండో పని చేయరు, అవసరం వచ్చిన రోజున తెరిస్తే ఖాళీ డబ్బా కనబడుతుంది.

సమాధానం: ఎంవీపీ పద్మ

నాకు ఈ చర్చలో కొంత అన్యాయం కనిపిస్తోంది. ఇన్నాళ్లూ కేబుళ్లు ఎక్కువగా ముంబయికీ చెన్నైకీ వెళ్తుంటే చూస్తూ ఊరుకున్నాం, మా అబ్బాయి తరం వారంతా బెంగళూరు బస్సు ఎక్కారు. ఇప్పుడు మన తీరానికి వస్తుంటే మాత్రం ప్రతిదీ అనుమానమేనా? పైగా సమాచారం దేశంలో ఉండడం వల్ల ఒరిగేది లేదన్న మాట సరికాదు. చెల్లింపుల సమాచారం భారతదేశంలోనే నిల్వ చేయాలని రిజర్వు బ్యాంకు 2018 ఏప్రిల్‌లో ఆదేశించింది. మాస్టర్‌కార్డ్ పాటించకపోతే 2021 జులై 22 నుంచి కొత్త ఖాతాదారులను చేర్చుకోకుండా నిలిపివేసింది, పాటించాక 2022 జూన్‌లో అనుమతించింది. అంత పెద్ద సంస్థ దారికి రాలేదా?

సమాధానం: ఉక్కునగరం విశ్రాంత ఉద్యోగి

పద్మ గారూ, మీ అబ్బాయి గురించిన మాటతో నేను ఏకీభవిస్తాను. మా ఇంట్లోనూ అదే కథ.

అయితే ఈ సందర్భంలో కొందరు 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' నినాదాన్ని తీసుకొచ్చి దీనికి తగిలిస్తున్నారు, అది నాకు నచ్చలేదు. 1966లో జనం ప్రాణాలకు తెగించి అడిగింది ప్రభుత్వరంగ కర్మాగారాన్ని. 1971 జనవరి 20న ఇందిరా గాంధీ శంకుస్థాపన చేసిన ఆ కర్మాగారంలో నూరు శాతం వాటాలు అమ్మాలని 2021 జనవరిలో కేంద్రం నిర్ణయిస్తే, ఇది మాది అని రోడ్డెక్కడానికి మాకు ఒక ఆధారమైనా ఉంది. భూములు ఇచ్చిన కుటుంబాలకు ఆర్ కార్డులు (నిర్వాసితుల పునరావాస కార్డులు) ఇచ్చారు. ఆ కార్డు పట్టుకుని ఉద్యోగం కోసం తిరిగి తిరిగి వయసు మీరినవారు మా పక్క ఊళ్లలో ఇప్పటికీ ఉన్నారు గాని, అడగడానికి చేతిలో ఒక కాగితమైతే ఉంది. డేటా సెంటర్లు రాబోయే తర్లువాడ, అడవివరం, రాంబిల్లి వైపు వారి చేతిలో ఏ కాగితం ఉంటుంది?

నీళ్ల సంగతి ఎవరూ ఎత్తడం లేదు. రైవాడ జలాశయం నీరు రైతులకే చెందాలని ఆ ఆయకట్టువారు ఏళ్ల తరబడి అడుగుతూనే ఉన్నారు, ఏలేరు కాలువ నుంచి ఉక్కు కర్మాగారానికీ నగరానికీ నీరు రావడం మీరందరూ ఎరిగినదే. గిగావాట్ అంటే పరవాడలోని సింహాద్రి విద్యుత్ కేంద్రం మొత్తం సామర్థ్యంలో సరిగ్గా సగం. అంత కరెంటు వేడిగా మారితే చల్లార్చడానికి ఏ నీరు వాడతారు, ఎంత వాడతారు? అడుగుదామంటే కొత్త డేటా చట్టంతో సమాచార హక్కు చట్టాన్ని కూడా నీరుగార్చారని చదివాను. ఇక అడిగి ప్రయోజనమేమిటి?

సమాధానం: జగదాంబ వకీలు

పెద్దాయన గారి చివరి మాటతో మొదలుపెడతాను, ఎందుకంటే ఆ అపోహ చాలామందికి ఉంది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 44(3) సెక్షను ద్వారా సమాచార హక్కు చట్టంలో వ్యక్తిగత సమాచారం ఇవ్వనక్కరలేదనే 8(1)(జె)ని మార్చిన మాట నిజమే, 2025 నవంబరులో అది అమలులోకి వచ్చింది కూడా. నా దృష్టిలో అది చెడ్డ సవరణ. ఒక అధికారి చేసిన పనికీ ఆయన వ్యక్తిగత వివరాలకూ మధ్య ఉండే గీతను అది చెరిపేసింది. కాని కంపెనీ వాడే నీటికి ఆ క్లాజుతో సంబంధం లేదు, ఎందుకంటే కంపెనీ వ్యక్తి కాదు, నీటి లెక్క వ్యక్తిగత సమాచారం కాదు. మీకు అడ్డుగా వచ్చేది 8(1)(డి), అంటే వాణిజ్య రహస్యం. దానికి ప్రజాప్రయోజనం అనే మినహాయింపు ఆ క్లాజులోనే ఉంది. ఇంకా ముఖ్యమైనది 4(1)(సి). ప్రజల మీద ప్రభావం చూపే నిర్ణయాలను ప్రకటించేటప్పుడు సంబంధిత వాస్తవాలన్నింటినీ ప్రభుత్వమే, ఎవరూ అడగకుండానే, వెల్లడించాలని అది చెబుతుంది.

వాణిజ్య రహస్యం అనే మాట ఊరికే అనడం లేదు. అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రంలోని ది డాల్స్ అనే చిన్న పట్టణంలో గూగుల్ డేటా సెంటర్లు ఎంత నీరు వాడుతున్నాయో చెప్పాలని ఒక దినపత్రిక అడిగితే, చెప్పకుండా ఉండేందుకు ఆ పట్టణ పాలకవర్గమే పత్రిక మీద కోర్టుకు వెళ్లింది. ఏడాదికి పైగా వ్యాజ్యం నడిచాక 2022 డిసెంబరులో రాజీ కుదిరి లెక్క బయటపడింది. 2021లో అవి వాడిన నీరు 35.5 కోట్ల గ్యాలన్లు, అంటే సుమారు 134 కోట్ల లీటర్లు, ఆ పట్టణం మొత్తం వాడకంలో నాలుగో వంతుకు పైగా. ఇక్కడ నాకు కంపెనీ కన్నా పట్టణ పాలకవర్గం మీదే ఎక్కువ ఆశ్చర్యం. ప్రజలు ఎన్నుకున్నవారు ప్రజల మీదే రహస్యం కాపాడడానికి వకీలును పెట్టుకున్నారు!

ఇప్పుడు గుమాస్తా గారి డీవో. 2013లో అమెరికా అధికారులు ఒక కేసులో మైక్రోసాఫ్ట్‌ను ఈమెయిళ్లు అడిగారు, అవి ఐర్లాండులోని డబ్లిన్ సర్వర్లలో ఉన్నాయి. పరాయి దేశంలో ఉన్నవాటికి ఈ వారెంటు చెల్లదని మైక్రోసాఫ్ట్ పోరాడింది, అది దాని ప్రతిష్ఠకు తగిన పనే. వివాదం అమెరికా సుప్రీంకోర్టులో ఉండగానే 2018 మార్చిలో అక్కడ క్లౌడ్ చట్టం వచ్చి ప్రశ్ననే మార్చేసింది. సమాచారం ఏ దేశంలో ఉన్నా, అది అమెరికా సంస్థ ఆధీనంలో ఉంటే, చట్టబద్ధమైన ఆదేశం వచ్చినప్పుడు ఇవ్వవలసిందే. 2025 జూన్‌లో ఫ్రాన్స్ సెనేట్ విచారణలో, ఫ్రాన్స్ అనుమతి లేకుండా అక్కడి పౌరుల సమాచారం అమెరికా అధికారులకు చేరదని హామీ ఇవ్వగలరా అని అడిగితే, ఇవ్వలేనని మైక్రోసాఫ్ట్ ప్రతినిధి ప్రమాణం చేసి మరీ చెప్పారు. గూగుల్ కూడా అమెరికా సంస్థే, దానికీ ఇదే చట్టం. తర్లువాడ ఈ విషయంలో డబ్లిన్ కన్నా ఎక్కువేమీ కాదు.

పద్మ గారి ఉదాహరణ బలమైనది, కాని అది చెబుతున్నది వేరొకటి. మాస్టర్‌కార్డ్ వ్యాపారం చేయాలంటే రిజర్వు బ్యాంకు అనుమతి కావాలి. ఆ అనుమతిని ఆపగలిగింది కాబట్టి మాట చెల్లింది. సర్వరు ఎక్కడుందన్నది ఆదేశంలోని విషయం మాత్రమే, బలం లైసెన్సులో ఉంది. క్లౌడ్ సేవలకు అటువంటి లైసెన్సు పట్టుకుని కూర్చున్న నియంత్రణ సంస్థ మనకు లేదు. కొత్త డేటా చట్టం కూడా సమాచారాన్ని దేశంలోనే ఉంచాలనదు, కేంద్రం నోటిఫై చేసిన దేశాలకు పంపకూడదని మాత్రమే 16వ సెక్షను చెబుతుంది.

డీవోకు రెండో ప్రతి కూడా ఉంటుందని మరచిపోవద్దు, అది మన ప్రభుత్వం చేతిలో ఉంటుంది. ఆ కొత్త డేటా చట్టంలోని 17(2) కింద కేంద్రం తాను నోటిఫై చేసిన ప్రభుత్వ సంస్థలను మొత్తం చట్టం నుంచే మినహాయించవచ్చు. 2022 మే 24న అమలాపురంలో అల్లర్లు జరిగాక కోనసీమలో రోజుల తరబడి ఇంటర్నెట్ ఆపేశారు. కేబులు ఒడ్డుకు చేరినంత మాత్రాన మీట మన చేతికి రాదు.

ప్రశ్న అడిగినవారి జవాబు: రేవు గుమాస్తా

అందరికీ ధన్యవాదాలు. మధురవాడ వారు చెప్పినట్టు నిన్న సాయంత్రం ఫైళ్లన్నీ డిస్కులోకి దించాను. కేవైసీ పత్రాలు తెరుచుకున్నాయి. లెక్కల ఫైళ్లు మాత్రం ఆ సేవలో తప్ప ఇంకెక్కడా తెరుచుకోని రూపంలో వచ్చాయి, వాటిని ఎక్సెల్‌లోకి విడిగా దించుకోవలసి వచ్చింది. యజమాని చూసి ఏమీ అనలేదు, ఇంకొక డిస్కు కొనమని డబ్బు ఇచ్చారు.

వకీలు గారూ, నీటి లెక్క అడగాలంటే దరఖాస్తు ఎవరికి పెట్టాలి? పెద్దాయన గారి తరఫున నేను రాసిపెడతాను.

సమాధానం: జగదాంబ వకీలు

ఒకే దరఖాస్తులో అన్నీ కలపవద్దు, ఒకరి మీద ఒకరు నెట్టేసుకుంటారు. నీటి కేటాయింపు గురించి నగరపాలక సంస్థ జీవీఎంసీ ప్రజా సమాచార అధికారికి, కరెంటు గురించి విద్యుత్ సంస్థలైన ఈపీడీసీఎల్, ట్రాన్స్‌కోలకు, భూమి గురించి పారిశ్రామిక మౌలిక సదుపాయాల సంస్థ ఏపీఐఐసీకి వేర్వేరుగా పెట్టండి. ఒక్కొక్కదానికి రుసుము 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. ఎంత నీరు వాడతారు అని అడగకండి, అది ఇంకా జరగని విషయం కాబట్టి మా దగ్గర లేదంటారు. కుదిరిన ఒప్పందాల ప్రతులు, నీటి కేటాయింపు కోరుతూ వచ్చిన లేఖలు, వాటిమీద రాసిన నోట్‌ఫైలు అడగండి. రశీదు మాత్రం తప్పకుండా తీసుకోండి.